పైనుంచి మూడో పొర

ముల్లు కదలకూడదు. అది కదలకుండా ఉందో లేదో చూస్తూ కూర్చోవడమే ఇవాళ్టి నా పని. గుండ్రంగా, గాజుమూతతో చూడ్డానికి గడియారంలాగే ఉంటుంది కానీ స్వభావం మాత్రం తిరగబడింది. గడియారం ముల్లు ఆగితే చెడిపోయిందంటాం, దీని ముల్లు ఆగితేనే అందరూ హమ్మయ్య అనుకుంటారు. గోతి అడుగున మూరెడు చదరం ఉక్కు పలక, పలక మీద జాకీ, జాకీ మీద ఇనప దూలాలు, దూలాల మీద ఇసుక బస్తాల గుట్ట. జాకీ పైకి తోస్తుంది, అన్ని బస్తాలు లేవవు కనక పలకే కిందికి దిగాలి, కింద మట్టి గట్టిదైతే అదీ దిగదు. దిగితే ఎంత దిగిందో ముల్లు చెబుతుంది. వెంట్రుకని నిలువుగా ఏడు చీలికలు చేస్తే అందులో ఒక చీలికంత దిగినా చెప్పేస్తుంది, చాడీలు చెప్పే ఆడపడుచులాగా. సారు ఆఖరి బరువు ఎక్కించి, "ఇంకొక్క గంట కూర్చోమ్మా, ముల్లు నిలబడితే పని అయిపోయినట్టే, రేపు పొద్దున్నకి కాంక్రీటు లారీలు చెప్పేశాను" అని రేకుల షెడ్డు నీడలోకి వెళ్లిపోయారు. మావాళ్లు ఆయన్ని హడావిడి సారు అంటారు. నడిచేటప్పుడు ఆయన నీడ కూడా వెనకబడుతుందట. ఒకటో నిమిషం. ముల్లు పద్నాలుగు గీతలు దాటి ఆగింది. రాసుకున్నాను.

నేను కూర్చున్నది తూర్పు గోతి గట్టు మీద. పడమటి గోయి పది అడుగుల అవతల ఉంది, దాని మీద టార్పాలిన్ కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. రెండు గోతుల్లోనూ రెండు కాంక్రీటు దిమ్మెలు లేస్తాయి, ఆ రెండు దిమ్మెల మీదా అడ్డంగా ప్రొపేన్ గ్యాసు ట్యాంకు పడుకుంటుంది, జ్వరం మాత్రలా రెండు కొసలూ గుండ్రంగా, తెల్లగా. రంగులద్దిన బట్ట ఆరబెట్టే మిల్లుకి మంట కావాలి కదా, ఆ మంటంతా ఈ మాత్రలోనించే వెళ్లాలి. ఇక్కడ మొదట్లో మిల్లు బూడిద పోసే గుంట ఉండేది. బూడిదంతా తోడేసి, మనిషి లోతు తవ్వి, మంచి గరుకు మట్టి తెచ్చి పొరలు పొరలుగా నింపాం. జానెడు మట్టి పరవడం, నీళ్లు చల్లడం, మెషినుతో అణగ్గొట్టడం, మళ్లీ జానెడు. ఎనిమిది పొరలు. మెషిను గెంతుతూ పోతుంది కనక దాన్ని కప్ప అంటారు. కప్ప అరిస్తే వాన వస్తుందంటారు గానీ ఈ కప్ప అరిస్తే మాత్రం నాలుగు వీధులకి తలనొప్పి వస్తుంది. నాలుగో నిమిషం. పదిహేడు.

ప్రహరీ గోడ అవతల పిల్లలు ఏదో లెక్క అప్పజెబుతున్నారు, ఒకటి నించి పది దాకా వెళ్లబోయి ఏడు దగ్గర అందరూ ఒకేసారి తప్పుతున్నారు, అక్క గొంతు మళ్లీ ఒకటి నించి మొదలుపెడుతోంది. మిల్లులో పనిచేసే ఆడవాళ్ల పిల్లల కోసం కట్టిన గది అది. అక్క అందులో ఆయా. గోతులకీ ఆ గదికీ మధ్య యాభై అడుగులు నేనే టేపు పెట్టి కొలిచాను, ఉండాల్సినంత దూరం ఉంది, కాయితం మీద ఏ దోషమూ లేదు. కాయితం మీద. ఆ మాట నా బుర్రలో ఎందుకు రెండుసార్లు తిరిగిందో నాకు తెలుసు, తెలిసినా తెలియనట్టు ముల్లు వైపు చూశాను. ఈ పని మొదలుపెట్టే ముందు మిల్లు భద్రత చూసే ఆయన మా అందర్నీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. ఈ గ్యాసు గాలికన్నా బరువు, కారితే పైకి పోయి చెదిరిపోదు, నీళ్లలాగా నేల పట్టుకుని పాకుతుంది, పల్లం ఎక్కడుందో వెతుక్కుని అక్కడ కూర్చుంటుంది, నిప్పు దానికోసం రానక్కర్లేదు, అదే నిప్పు దగ్గరికి వెళుతుంది. ట్యాంకు దానంతట అది పగలదు, గట్టి ఉక్కు. పగిలేది పైపు అతుకుల దగ్గర. దిమ్మెలు రెండూ కలిసి ఒక వేలు దిగితే ఎవరికీ ఏమీ కాదు, ఒకటి దిగి ఒకటి దిగకపోతేనే ట్యాంకు ఒరుగుతుంది, ట్యాంకు ఒరిగితే దానికి బిగించిన పైపు లాగుకుంటుంది. ఆయన అది చెబుతూ రెండు చేతులూ చాపి ఒక చెయ్యి మాత్రం కొంచెం దించాడు. అంతే, కొంచెం. పిల్లల గది వెనక వంటగది గుమ్మం మా వైపు నేలకన్నా మూడు మెట్లు పల్లం. తొమ్మిదో నిమిషం. పద్దెనిమిది. బాగా నిలబడుతోంది.

పెద్దనాన్న దూరంగా తిరగేసిన తట్ట మీద కూర్చున్నాడు, వీపు నా వైపు. ముల్లు నిలబడేదాకా ఎవరూ దగ్గరికి రాకూడదు, అడుగు బరువుకే గీత వణుకుతుంది, కాబట్టి ఈ గంటా నాకూ ఆయనకీ మధ్య ముప్పై అడుగుల ఖాళీ ఉండి తీరాలి. ఆయన వీపు చూస్తే చాలు నాకు, ఏం ఆలోచిస్తున్నాడో తెలుస్తుంది అనుకునేదాన్ని. ఇవాళ తెలియడం లేదు. ముప్పై ఏళ్లుగా పునాదులు నింపుతున్నాడు. నన్ను ఈ పనిలోకి తెచ్చింది ఆయనే, అక్కనీ నన్నూ పెంచింది ఆయనే. మట్టిని పిడికిట్లో పట్టి నొక్కి, ఆ ముద్దని రెండు వేళ్లతో విరవమనేవాడు. రెండు ముక్కలుగా విరిగితే నీళ్లు సరిపోయాయి, పొడిపొడి అయితే చాలలేదు, వేళ్లకి అంటితే ఎక్కువయ్యాయి. "చేతికి తెలిసింది నోటికి చెప్పాలని లేదు అమ్మడూ, మట్టికి చెబితే చాలు" అనేవాడు. నేను మాట్లాడనని ఆయనకి బెంగా, ముద్దూ రెండూనూ. ఊళ్లో అందరి నోట్లోనూ నువ్వు గింజ నానదు, మా పిల్ల నోట్లో వేస్తే నానడం ఏమిటి, మొలకెత్తి కాయ కాస్తుంది అని చెప్పి నవ్వేవాడు. మా ఊరి బళ్లో మేష్టారు ఒకసారి తడి దూది మీద చిక్కుడు గింజ పెట్టి రోజూ ఏం కనబడితే అది రాయమన్నారు. రెండో రోజుకే అందరూ మొలక బొమ్మ గీసేశారు, వాళ్ల గింజలు మొలవకుండానే. నేను నాలుగు రోజులు వరసగా 'ఇవాళ ఏమీ లేదు' అని రాశాను. మేష్టారు నా పుస్తకం పైకెత్తి తరగతికంతటికీ చూపించారు, నేను సిగ్గుతో బల్ల కిందికి దూరాను. అలాంటిదాన్ని, పదకొండు రోజుల కిందట ఈ పని పుస్తకంలో ఆ రెండు గీతలు ఎలా పెట్టాను? పదహారో నిమిషం. పద్దెనిమిదే. ముల్లు అక్కడే మేకు కొట్టినట్టు ఉంది.

సారు షెడ్డులోంచి చెయ్యి ఊపి, ఎలా ఉంది అన్నట్టు గడ్డం ఎగరేశారు. నేను బొటనవేలు పైకెత్తాను. అబద్ధం కాదు. తూర్పు గోయి బంగారం. మొత్తం ఎనిమిది పొరలూ కప్ప ఆరేసి సార్లు గెంతింది, నేను కళ్లారా లెక్కపెట్టాను. బస్తాలు ఇంకో రెండు వరసలు పేర్చినా ఈ ముల్లు ఇలాగే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. పరీక్ష ఒక్కచోట పెడితే చాలన్నారు, రెండు గోతులూ ఒకే మట్టి, ఒకే మనుషులు, ఒకే మెషిను, ఎక్కడ పెట్టినా ఒకటే అన్నారు. తూర్పున పెడదాం, లారీ రావడానికి వీలు అన్నారు. అప్పుడు పెద్దనాన్న గునపం మీద మట్టి గీకుతున్నాడు. తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇరవై అయిదో నిమిషం, పద్దెనిమిది. ఇక మిగిలింది అరవయ్యో నిమిషమే. మధ్యలో చూడక్కర్లేదు, కళ్లు ఖాళీ, చెయ్యి ఖాళీ.

పదకొండు రోజుల కిందటి మధ్యాహ్నం. తూర్పు గోతిలో పైనుంచి మూడో పొర అయిపోయింది, పడమటి గోతిలో మట్టి పరిచి నీళ్లు చల్లారు, కప్పని దించబోతున్నారు. గోడ మీద అక్క తల లేచింది, ఏ పీట మీద ఎక్కిందో మరి, తలా రెండు చేతులూ తప్ప ఏమీ కనబడలేదు. పెద్దనాన్నా, నీకు దణ్ణం పెడతా, ఒక్క గంట ఆ కప్పని పడుకోబెట్టు, పొద్దున్న పిల్లలందరికీ సూదులేశారు, ఒళ్లు కాలిపోతోంది, ఇరవైమందీ ఇప్పుడే కళ్లు మూశారు, ఒకళ్లు లేస్తే ఇరవైమందీ లేస్తారు. పెద్దనాన్న నడుం మీద చేతులు పెట్టుకుని, పిల్లల్నే లేపి కప్పని చూపిస్తే పోలా అన్నాడు. నీ వేళాకోళం తగలెయ్యా అంది అక్క, నవ్వలేదు. రాత్రంతా నిద్ర లేనిదాని మొహం అది. ఆయన మెషిను తాళం తీసి జేబులో వేసుకున్నాడు. కానీ దక్షిణం వైపు మబ్బు పట్టి ఉంది. పరిచిన మట్టి వదులుగా వదిలేస్తే వానకి బురదైపోతుంది, మళ్లీ తోడాలి. అప్పుడు షెడ్డు మూల నుంచి పాతకాలం దిమ్మిసలు తీయించాడు, కర్రకి బరువైన ఇనప దిమ్మె బిగించినవి, నేను పుట్టకముందు వాటితోనే పునాదులన్నీ కొట్టేవాళ్లట. రెండు దెబ్బలు వేసేసరికి దుబ్బు దుబ్బుమని నేల అదిరి, గోడ అవతల ఒక పిల్ల కెవ్వుమంది. పెద్దనాన్న చెయ్యెత్తాడు. అందరూ ఆగారు. పాత గోనెలు చింపించి, దిమ్మిసల అడుగులకి రెండేసి మడతలు చుట్టించి, తాడు బిగించాడు.

ఎంత బాగుందో ఆ గంట. అది ఒప్పుకోవాలి ముందు. నలుగురు మనుషులు వరసగా, ఒకడు ఎత్తుతుంటే ఒకడు దించుతూ, చెప్పులు విప్పేసి, మాట లేకుండా, గోనె చుట్టిన దెబ్బలు పసిపిల్ల వీపు మీద జోకొట్టినట్టు మెత్తగా పడుతుంటే, మబ్బు నీడలో మట్టి నల్లబడుతుంటే, పెద్దనాన్న వేలితో తాళం వేస్తూ గోతి చుట్టూ పిల్లిలా తిరుగుతుంటే, నేను గట్టు మీద కూర్చుని చూస్తూ అలా ఉండిపోయాను. గోడ అవతల ఒక్క చప్పుడు లేదు. ఇరవైమంది పిల్లల నిద్ర నాకు వినబడుతోందనిపించింది. అన్నీ తెలుసు నాకు, దెబ్బలో సగం బలం గోనె మింగేస్తుందనీ, మిగతా సగం పైన రెండంగుళాలు దాటి దిగదనీ. ఆఖర్న పెద్దనాన్న మడమతో ఒకసారి తొక్కి చూశాడు. మడమ గుర్తు పడింది. ఆయన ఆ గుర్తు వైపు చూశాడు, మబ్బు వైపు చూశాడు, మొదటి చినుకు పడింది. పై పొర పరవండి అన్నాడు. వాన అయిదు నిమిషాలే పడి పోయింది, వెధవ వాన, పడినా బాగుండేది, పడకపోయినా బాగుండేది. తర్వాతి పొరకి పిల్లలు లేచారు, కప్ప మళ్లీ అరిచింది. మట్టి గట్టిదనం చూడడానికి గొట్టం దింపి ముద్ద తీసేది నేనే. పొర విడిచి పొరకి తీయమని లెక్క, పైనుంచి రెండోది తీస్తాం, నాలుగోది తీస్తాం, మూడోది తీయక్కర్లేదు. అలా అదే తప్పుకుపోయింది. సాయంత్రం పుస్తకంలో రాయాల్సి వచ్చింది, అందులోనూ పొరల లెక్క పైనుంచే. నాలుగో పొర, మెషిను, ఆరు సార్లు. దాని పై గడిలో, మూడో పొర ఎదురుగా, నా పెన్ను రెండు చిన్న గీతలు పెట్టింది, అంటే కింద ఉన్నట్టే అని. రెండు గీతలు. ఒక్క అక్షరం అయినా రాయలేదు చూడండి, తేలు కుట్టిన దొంగలాగా.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది అని లెక్క వేసుకుంటున్నాను, ముల్లుని చూస్తున్నట్టు మొహం పెట్టి. లారీలు వెనక్కి. రెండు పొరలు తవ్వి తీసి, మూడోది తీసి, మళ్లీ మూడూ వేయాలి. ఇలాంటి ట్యాంకులు ఇంకా ఆరు చోట్ల దిగుతాయట, నింపే పనంతా పెద్దాయనకే ఇద్దామని సారు అందరి ముందూ అన్నారు, ఆ రోజు పెద్దనాన్న మోకాళ్ల నొప్పి మర్చిపోయి మెట్లు ఎక్కాడు. ఇక అది ఉండదు. ముసలాయనకి మెషిను ఉండగా గోనెలు చుట్టే బుద్ధి పుట్టిందట అని నవ్వుతారు, కథలా చెప్పుకుంటారు. ఆ గీతలు పెట్టినందుకు నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. అదే దీనిలో ఉన్న చిక్కు. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు కాదు, ఏదో ఒక ముసురులో నీళ్లు ఇంకి పడమటి దిమ్మె ఒక వేలు దిగుతుంది, దిగకపోవచ్చు కూడా. ట్యాంకు దించాక మొదట నీళ్లు నింపి చూస్తారు, ఆ రోజే దాని మీద అన్నిటికన్నా బరువు, ఆ రోజు నిలబడితే ఎప్పటికీ నిలబడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను ఈ పదకొండు రోజులూ. పక్క మీద పడుకుని చెప్పుకున్నాను. అక్క పక్కనే పడుకుని, నీళ్లు కావాలా, ఎందుకే అలా దొర్లుతావు అంటే ఏమీ లేదన్నాను. అక్కకి చెబితే ఆ మూడో పొర తన మీదే వేసుకుంటుంది. పెద్దనాన్నకి చెప్పేదేముంది, ఆయనకి నాకన్నా ముందే తెలుసు, ఆయన మడమకి తెలుసు. ఇద్దరం ఒకే సంగతిని రెండు కొసలా పట్టుకుని, బరువు ఎదుటివాళ్ల మీద ఉందనుకుంటున్నాం.

ఎండ బస్తాల మీంచి జారి నా పాదాల మీదికి వచ్చింది. అవతల పిల్లలు ఏడు దాటారు. ఎనిమిది, తొమ్మిది, పది అని అరిచి చప్పట్లు కొట్టుకున్నారు. అరవయ్యో నిమిషం. పద్దెనిమిది. గీత కూడా జరగలేదు.

సారు వచ్చి, వంగి ముల్లు చూసి, వీపు నిమురుకున్నారు. "శభాష్ పెద్దాయనా! రాయి పోసినట్టు పోశారు. ఇక బస్తాలు దింపించండి."

పెద్దనాన్న తట్ట మీంచి లేచాడు. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది ఆయనకి.

"సార్, పడమటి గోతిలో కూడా ఒకటి పెట్టాలండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఎందుకమ్మా? ఒకే మట్టి కదా రెండూ."

"మట్టి ఒకటేనండి. పైనుంచి మూడో పొర మెషిను కొట్టలేదు. చేత్తో కొట్టాం."

"చేత్తోనా?" సారు నన్నూ పెద్దనాన్ననీ మార్చి మార్చి చూశారు. "పుస్తకంలో మెషిను అనేగా ఉంది?"

"నేనే రాశానండి అలా. తప్పు రాశాను."

పెద్దనాన్న మెల్లిగా వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ముల్లు ఒక్కసారి వణికింది, ఇప్పుడు వణికినా పర్వాలేదు.

"గోనెలు చుట్టిన సంగతి కూడా చెప్పు అమ్మడూ" అన్నాడు. నేను చెప్పేలోపే ఆయనే అందుకున్నాడు. "దిమ్మిసలకి గోనెలు చుట్టించానండి. నేనే. దాన్ని తిట్టకండి, దానికి నేను పెద్దనాన్నని, కాదనలేకపోయింది."

"గోనెలు ఎందుకండీ?"

"పిల్లలు పడుకున్నారండి."

సారు గోడ వైపు చూశారు. మొదటిసారి ఆయన హడావిడి లేకుండా నిలబడడం చూశాను. తర్వాత ఫోను తీసి ఎవరితోనో, రేపు వద్దండి, ఎప్పుడో తవ్వాక చెబుతా, కాదండి, పొరపాటు మాదే అన్నారు. ఫోను పెట్టేసి నా చేతిలో పుస్తకం వైపు వేలు చూపించారు. "ఆ గీతలు కొట్టేసి, పక్కన ఏం జరిగిందో మొత్తం రాయి. కింద సంతకం పెట్టు. నీ సంగతీ ఆయన సంగతీ పైవాళ్లకి చెప్పక తప్పదు, నేను దాచను." ఆయన వెళ్లిపోయారు. ఆయన వెనకాలే నీడ నిదానంగా వెళ్లింది.

పెద్దనాన్న ఇటుకలు ఒక్కొక్కటే పక్కకి పెట్టి టార్పాలిన్ మడుస్తున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదే నాకు?"

"బాగా కొడుతున్నారు."

"ఏమిటీ?"

"చూడ్డానికి బాగుంది పెద్దనాన్నా. ఆపాలనిపించలేదు."

ఆయన మడత అలాగే పట్టుకుని నన్ను చూసి, తల అడ్డంగా ఊపి, ముక్కులోంచి నవ్వాడు. "బాగానే ఉందిలే. నాకూ బాగుంది" అన్నాడు. తర్వాత నవ్వు లేదు. గోతిలోకి దిగి గునపం అందుకున్నాడు, ఎవర్నీ పిలవలేదు. మొదటి పొర మీద వేసిన పోటుకి గునపం ఖంగుమని వెనక్కి ఎగిరింది, రెండు చేతులూ జలదరించాయి ఆయనకి. పెళ్ల లేవడానికి ఏడు పోట్లు పట్టింది. రెండో పొరా అంతే, రాయిలా ఖంగు ఖంగుమంటూ, చెక్కలు చెక్కలుగా లేచింది. నేను చెక్కలు ఏరి గట్టు మీద వేస్తున్నాను. చెమట తుడుచుకోవడానికి ఆయన ఒకసారి ఆగాడు. అడుగున చదును చేసి, చేత్తో దుమ్ము ఊడ్చి, కాళ్లు ఎడంగా పెట్టి, గునపం పైకెత్తి మూడో పొరలోకి వేశాడు.

చప్పుడు రాలేదు. గునపం జానెడు లోపలికి మెత్తగా, కత్తి రొట్టెలోకి దిగినట్టు దిగిపోయి, కింద నాలుగో పొర తగిలాక అప్పుడు ఖంగుమంది.

ఆయన చేతులు వదిలేశాడు. గునపం నిటారుగా అలాగే నిలబడి ఉంది. "ఎంత దిగిందో కొలిచి రాసుకో" అన్నాడు, పక్కకి తప్పుకుని నాకు చోటిస్తూ. నేను స్కేలు తీసుకుని గోతిలోకి దిగాను.